అడిగి వెళ్ళిన నిద్ర

ఆ మే నెల మంగళవారం మధ్యాహ్నం పోయినవాటి లెక్క ముందు చెప్తాను. పొద్దున షెడ్డులో ప్రాణంతో ఉన్న కోళ్ళు నాలుగు వేల ఎనభై. సాయంత్రానికి కాళ్ళ మీద నిలబడ్డవి రెండు వందల ఎనభై ఆరు. పోయినవి మూడు వేల ఏడు వందల తొంభై నాలుగు. సగటు బరువు రెండు కిలోల వంద గ్రాములు, అంటే మొత్తం ఎనిమిది టన్నులకు కాస్త తక్కువ. ముప్పై ఎనిమిది రోజుల మేత పోయింది. ఒక జనరేటర్ పోయింది. ఇద్దరు మనుషులు వేసవంతా పడ్డ చాకిరి పోయింది. ఇవన్నీ కంపెనీ కాగితం మీదికి ఎక్కాయి. ఎక్కనిది ఒకటుంది. ఆ షెడ్డు రైతు ఆ పూట నుంచి ఇంట్లో మాట్లాడటం మానేశాడు. నేను రాయాలనుకున్నది దాని గురించి.

ఇప్పుడు ఫోన్లో యాప్ పెట్టుకొని బైకుల మీద ఫారాలు తిరుగుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నేనూ ఇరవై రెండేళ్ళు మేడ్చల్, శామీర్‌పేట మధ్య అదే పని చేశాను. కంపెనీ కోడిపిల్లల్ని, మేతను, మందుల్ని ఇస్తుంది. రైతు షెడ్డు, కరెంటు, తన ఒళ్ళు పెడతాడు. కోడి బరువెక్కాక కంపెనీ బండి వచ్చి ఎత్తుకుపోతుంది, కిలోకింత అని పెంపకం కూలి కడుతుంది. ఇద్దరి మధ్యా తిరిగేవాడు సూపర్వైజర్. ఆ ఉద్యోగం ఇప్పుడు నాకు లేదు. కంపెనీ మా బ్రాంచి మూసేసినప్పుడు నాకు యాభై రెండేళ్ళు. మళ్ళీ ఎక్కడా చేరలేదు.

ఇంటర్ లెక్కల్లో ఫెయిలైనవాణ్ణి. శాతాలు, సగటులు మేత గోదాములో బస్తాల మీద కూర్చొని నాకు నేనే నేర్చుకున్నాను. కోడి ఎంత తిని ఎంత పెరిగిందో కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. రైతులు 'లెక్కల సారు' అనేవాళ్ళు. ఎవరికి నష్టం వచ్చినా వెళ్ళి ఎదురుగా కూర్చొని, పోయింది ఇంత, మిగిలింది ఇంత, వచ్చే బ్యాచ్‌లో ఇట్లా పూడుతుంది అని చెప్పేవాణ్ణి. ఓదార్చడమంటే అదేనని నా నమ్మకం.

నా విషయంలోనూ అదే చేశాను. ఆ వేసవికి ఐదు నెలల ముందు నా భార్య చనిపోయింది. మా వైపు ఇంట్లో మనిషి పోతే, దినాలు అయిపోయాక దగ్గరివాళ్ళు వచ్చి మిగిలినవాళ్ళను తమ ఇంటికి తీసుకుపోతారు. ఒక రాత్రి అక్కడ తిని, పడుకొని, పొద్దున తిరిగి రావాలి. నిద్ర చేయడం అంటారు దాన్ని. మా అక్క కౌకూర్ నుంచి ఆటో మాట్లాడుకొని సూరారంలో మా ఇంటికి వచ్చింది.

"లే తమ్మీ. ఒక్క రాత్రి. పొద్దున నేనే తోలుకొస్త."

"బ్యాచులున్నయక్కా. తర్వాత చూద్దాం."

ఆటో అబ్బాయి మీటరు ఆపలేదు. అక్క అదే ఆటోలో వెళ్ళిపోయింది. బావమరిది పిలిచాడు, అతనికీ బ్యాచులే చెప్పాను. నిజామాబాద్‌లో ఉన్న మా బిడ్డ రోజూ ఫోన్ చేసేది. "బాపూ, ఎట్లున్నవ్?" "మంచిగున్న." అంతే. పన్నెండో రోజు నుంచి ఫారాలు తిరిగాను. గట్టి మనిషి అని బ్రాంచిలో మెచ్చుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఇక ఆ మంగళవారం. ఎండాకాలంలో మాకొక కట్టుబాటు ఉంది. పొద్దున తొమ్మిదింటికి తాళ్ళు లాగి మేత ఫీడర్లు పైకెత్తాలి, ఎండ దిగాక సాయంత్రం దించాలి. కడుపులో మేత ఉన్న కోడికి ఒళ్ళు వేడెక్కుతుంది, ఎండకు ఆగదు. దానికి తోడు బండి ఎక్కే రోజు మేత ముందే తీసేయాలన్నది కంపెనీ మాట. బండి ఎక్కేదాకా తినిపించాలన్నది రైతు ఆశ, ఎందుకంటే కడుపులో ఉన్న మేత కూడా కాంటా మీద బరువే. చలికాలంలో అందరూ చేస్తారు. మేమూ చూసీ చూడనట్టు పోతాం. ఆ రోజు సాయంత్రం ఆ రైతు కోళ్ళు ఎత్తే బండి ఉంది. అతను ఎత్తిన ఫీడర్లను మళ్ళీ కిందికి దించాడు. ఒంటిగంటకు కరెంటు పోయింది. జనరేటర్ కాసేపు ఆడి ఆగిపోయింది.

అతను ఫోన్ చేసేటప్పటికి నేను మేడ్చల్‌లో ఉన్నాను. వెళ్ళేసరికి భార్యాభర్తలిద్దరూ షెడ్డు పక్కలకు కట్టిన గోనె పట్టాల మీద బిందెలతో నీళ్ళు కొడుతున్నారు. కోళ్ళు ఎత్తడానికి ముందే వచ్చిన కూలీల ముఠా కూడా బకెట్లు పట్టుకుంది. ఆ ముఠా పెద్దను అందరం చాచా అనేవాళ్ళం. అరవై దాటిన మనిషి, శామీర్‌పేట అవతల ఊరు, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడేవాడు. ఎంత కొట్టినా నీళ్ళు ఆవిరైపోతున్నాయి. కోళ్ళు రెక్కలు విప్పి, నోళ్ళు తెరిచి, ఉన్నచోటనే ఒరిగిపోతున్నాయి.

నేను ఒకదాన్ని చేతిలోకి తీసుకొని గొంతు కింద మేత నిలిచే సంచిని నొక్కి చూశాను. నిండుగా, గులకరాళ్ళ మూటలా ఉంది. తలెత్తేసరికి రైతు నన్నే చూస్తున్నాడు. నాకు తెలిసిపోయిందని అతనికి తెలిసింది. కోడిని కింద పెట్టి బకెట్ అందుకున్నాను.

సాయంత్రం జేసీబీ గుంత తవ్వుతుంటే అతని పక్కన నిలబడి, అలవాటుగా చెప్పాను: "తొంభై మూడు శాతం."

చాచా విన్నాడు. "ఏంది సారూ, చావుకాడ గూడ పర్సెంటేజీలేనా? జర బుజం మీద చెయ్యేసుడు గూడ నేర్చుకో."

ముఠాలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. నేను సున్నం బస్తాలు లెక్కపెట్టడానికి పక్కకు వెళ్ళాను.

ఒక షెడ్డులో కోళ్ళు అట్లా మూకుమ్మడిగా పోతే, అక్కడ తిరిగిన సూపర్వైజర్ మూడు రోజులు వేరే ఏ ఫారంలోనూ అడుగు పెట్టకూడదు. చెప్పుల మట్టితో, బట్టలతో రోగం మోసుకుపోతామని. ఎండకు పోయినా, రోగానికి పోయినా రూలు ఒకటే. ఇరవై రెండేళ్ళలో నాకు అట్లా మూడు రోజులు ఇంట్లో కూర్చోవలసి రావడం రెండోసారి. మొదటిసారి నా భార్య ఉంది. ఈసారి బుధవారం పగలు పదకొండింటికి మా ఇంట్లో ఎట్లా ఉంటుందో మొదటిసారి చూశాను. వంటింట్లోంచి చప్పుడు రావాల్సిన వేళ అది. రాలేదు. గ్లాసు తీసి మళ్ళీ పెట్టాను, కనీసం ఆ చప్పుడన్నా వస్తుందని. తర్వాత బండి తీసి పనిలేకుండా రోడ్ల మీద తిరిగాను.

ఆ సాయంత్రం రైతు ఫోన్ చేశాడు. "సార్, షెడ్డుల పొట్టు ఎప్పుడెత్తాలె?"

పదిహేను బ్యాచులు తీసిన మనిషి. కోళ్ళ కింద పరిచే ఆ పొట్టు ఎప్పుడెత్తాలో నాకంటే బాగా తెలుసు. అయినా చెప్పాను. గురువారం పొద్దున మళ్ళీ చేశాడు. "సున్నం ఎంత గొట్టాలె సార్?" అదీ చెప్పాను, ఎన్ని అడుగులకు ఎన్ని కిలోలో. విని పెట్టేశాడు.

మధ్యాహ్నం నేను కండ్లకోయ దగ్గర చాయ్ బండి బల్ల మీద కూర్చొని ఉన్నాను. కాలేజీ బస్సులు ఒకటొకటే పోతున్నాయి. ఇంటికి పోబుద్ధి కాక రెండో చాయ్ చెప్పాను. మూడోసారి ఫోన్ మోగింది.

"సార్, ఇయ్యాల మీరు మా ఇంటికి వస్తరా?"

"ఏమైంది? ఆ మిగిలిన కోళ్ళు మొన్ననే ఎత్తిండ్రు గదా."

"కోళ్ళ గురించి గాదు సార్. నన్ను ఒక్కన్ని ఉంచకుండ్రి. మంచి ఆలోచనలు వస్తలేవు."

నా నోట్లోంచి ఏం వచ్చిందో రాస్తాను. "మూడు రోజులు కాలేదయ్యా. రూల్ ప్రకారం…"

"నా షెడ్డుల ఇగ కోళ్ళే లేవు సార్," అన్నాడు. "ఎవనికి అంటుకుంటది?"

రెండో చాయ్ అట్లాగే వదిలి లేచాను.

వెళ్ళేసరికి అతని భార్య బోరింగు దగ్గర కోళ్ళు నీళ్ళు తాగే డ్రింకర్లు కడుగుతోంది. నన్ను చూసి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది.

"అన్నా, మూడు దినాలాయె. అన్నం ముందట కూసుంటడు, లేస్తడు. ఏందయ్యా అంటె ఏంలే అంటడు. గీ ఫోన్ గూడ నేను చేతుల వెట్టి నిలవడితె చేసిండు. నువ్వన్న జర అడుగు."

"షెడ్డులనే ఉన్నడా?"

"ఆడనే. ఇంట్లకు రమ్మంటె రాడు."

కడిగి తలుపులన్నీ తెరిచిన షెడ్డు అది. నూటయాభై అడుగుల పొడవు. ఆ చివర బోర్లించిన బకెట్ మీద కూర్చొని ఉన్నాడు. నాకు కూర్చోవడానికి ఇంకో బకెట్ బోర్లించాడు.

"ఫీడర్లు నేనే దించి వెట్టిన సార్. మీకు ఎరుకనే."

"ఎరుకనే."

"మరి ఎందుకు తిట్టలే? నాలుగు తిట్లు తిడితె అయిపోవు. మీరేందో శాతం చెప్పి పోయిన్రు." గోడ వైపు తిరిగాడు. "కోడికి వంద గ్రాములు ఎక్కువొస్తయనుకున్న. ఇగ ఆమె మొఖం ఎట్ల జూడాలె? ఆమెకు ఇప్పటిదాంక చెప్పలే. కరెంటే చంపిందనుకుంటాంది. చచ్చిపోతె బాగుండు అనిపిస్తాంది సార్. పొద్దు గూకితె మస్తు భయమైతాంది, నాకు నేనే భయం."

నేను నోరు తెరిచాను. వచ్చే బ్యాచ్‌కు మూడు వేల పిల్లలతో మొదలుపెడితే, అని నాలుక చివరిదాకా వచ్చింది. కొలతలన్నీ తలలో సిద్ధంగా ఉన్నాయి. అతని చేతులు చూశాను. సున్నానికి పొక్కి ఎర్రగా ఉన్నాయి. ఆ మనిషి రెండు రోజులు పొట్టు గురించి, సున్నం గురించి అడిగి అడిగి, మూడోసారికి గానీ అసలు మాట అనలేకపోయాడు. నేను ఐదు నెలలైనా అనలేదు.

"నాకు గూడ ఇంటికి పోబుద్ధి అయితలేదు," అన్నాను.

అతను తల తిప్పాడు.

"ఆమె పోయినంక ఎవ్వరింట్ల నిద్ర చెయ్యలే. అక్క పిలిస్తె పోలే. బావమరిది పిలిస్తె పోలే. మూడు రోజులు ఇంట్ల కూసోమంటె కూసోలేక ఆ చాయ్ బండికాడ…" అక్కడ ఏడుపొచ్చింది. రైతుల ముందు ఏడవకూడదని మాకు ఎవరూ రూలు పెట్టలేదు. అయినా అన్నేళ్ళూ పాటించాను. ఆ రోజు పాటించలేకపోయాను. అతను తన బకెట్ నా పక్కకు జరుపుకున్నాడు. చాచా చెప్పినట్టు బుజం మీద చెయ్యి వేసింది అతనే.

ఊపిరి సర్దుకున్నాక అడిగాను. "ఇయ్యాల మీ ఇంట్ల నిద్ర చెయ్యొచ్చునా?"

నిద్రకు పిలవడమే ఉంటుంది మా దగ్గర. అడిగి వెళ్ళడం లేదు. అదీ చుట్టరికం ఉన్న ఇంట్లోనే. మా ఇద్దరికీ కులం కలవదు, చుట్టరికం లేదు. మంగళవారం పోయింది నా మనుషులూ కాదు, అతని మనుషులూ కాదు. కోళ్ళు పోతే ఎవరూ ఎవర్నీ నిద్రకు పిలవరు. అవన్నీ తెలిసే అడిగాను.

"గట్లెందుకు అడుగుతరు సార్," అన్నాడు. అతని ముఖం మారింది. అప్పటిదాకా సాయం కావాల్సిన మనిషిలా ఉన్నవాడు, ఒక ఇంటి యజమానిలా లేచి నిలబడ్డాడు. "నడువుండ్రి. ఈమెకు చెప్త."

బోరింగు దగ్గర ఆమెకు నిద్ర సంగతి ముందు చెప్పాడు. తర్వాత, నా ఎదురుగానే, ఫీడర్ల సంగతి కూడా చెప్పాడు. ఆమె చేతిలో డ్రింకరు కింద పెట్టింది.

"గిది కడుపుల వెట్టుకొని మూడు దినాలు అన్నం మానేసినవా? ఫీడర్లు దించినప్పుడు నేను గూడ జూసిన గదయ్యా. నేను గూడ ఊకున్న. పొద్దుగాల నువ్వు తాడు ఇడిసిపెట్టవోతుంటె బరువొస్తది లే అనుకున్న." ఆమె నా వైపు తిరిగింది. "సూసినవా అన్నా? ముగ్గురికి ఎరుకనే. ముగ్గురం మూగోళ్ళమే. నిద్రకు అడిగొచ్చిన మనిషిని మాత్రం ఇప్పుడే సూస్తున్న. ఏం వండాలె? కోడికూర మాత్రం అడగకు."

ఆ మాటకు అతను నవ్వాడు. నవ్వు సగంలో ఏడుపైంది. ఆమె ఆపలేదు, కడిగిన డ్రింకర్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ అక్కడే నిలబడింది.

ఎండు రొయ్యలు, చింతపండు చారు చేసింది. అతను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. వాకిట్లో రెండు మంచాలు పక్కపక్కన వేసి ఆమె మాకు ఒకటే షరతు పెట్టింది: ఒకరు లేస్తే ఇంకొకరిని లేపాలి. అతను రెండుసార్లు లేపాడు, నేను ఒకసారి లేపాను. ఐదు నెలల తర్వాత పొద్దున ఎండ ముఖాన పడేదాకా పడుకున్నది నేను ఆ ఇంట్లోనే.

పొద్దున మేడ్చల్ సర్కారు దవాఖానకు పోదామన్నాను. అతను ససేమిరా అన్నాడు.

"పిచ్చోని కింద జమ గడతరు సార్. ఊర్ల తెలిస్తె ఇజ్జత్ వోతది."

"నేను గూడ చూపించుకుంట. ఇద్దరం చిట్టీలు తీస్కుందాం. పిచ్చోళ్ళమైతె ఇద్దరం అయితం."

అతని భార్యతో కలిసి ముగ్గురం వెళ్ళాం, వరసలో ముందు నేను నిలబడ్డాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా బిడ్డ వయసుంటుంది. నిద్ర ఎట్లుంది, ఆకలి ఎట్లుంది అని తాపీగా అడిగింది. అతన్ని భార్యతో సహా కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది. కొన్ని నెలలు మందులు రాసింది, ఇంట్లో ఒంటరిగా వదలొద్దని చెప్పింది. నాకు మందులు రాయలేదు. "మాట్లాడటానికి మీకెవరున్నారు?" అని అడిగింది.

దవాఖాన బయటికొచ్చి బిడ్డకు ఫోన్ చేశాను. "మంచిగ లేను బిడ్డా," అన్నాను. "నాకు ఎరుకనే బాపూ," అంది. "నువ్వెప్పుడు చెప్తవా అని జూస్తున్న."

ఇక్కడితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధం. కాగితం మీద కారణాల గడిలో మూడు రాశాను: ఎండ, కరెంటు, మేత. మూడోది రాసే ముందు అతనికి చెప్పాను. "రాయుండ్రి సార్," అన్నాడు. కంపెనీ రెండు బ్యాచులు పిల్లల్ని ఇవ్వలేదు. ఆ నెలలు చాచా అతన్ని తన ముఠాలో పెట్టుకున్నాడు. తన షెడ్డు ఖాళీగా ఉంచి ఊరి షెడ్లలో కోళ్ళు ఎత్తడం అతనికి ఎంత కష్టమో చాచాకు తెలుసు. "ఇంట్ల కూసుంటె దిమాక్ ఖరాబైతది. నడు," అని పొద్దున్నే ఇంటికొచ్చి బండి ఎక్కించుకునేవాడు. కొన్ని రోజులు అతను మధ్యలోనే దిగి వెనక్కి నడిచి వచ్చేశాడు. మర్నాడు చాచా మళ్ళీ వెళ్ళేవాడు, నిన్నటి సంగతి ఎత్తకుండా.

మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం నిలిచింది. ఎవరికి ఇల్లు మీదికొచ్చినట్టుంటే వాళ్ళు ఫోన్ చేయాలి, రెండోవాళ్ళు రావాలి, ఆ రాత్రి అక్కడే పడుకోవాలి. కారణం అడగకూడదు. వినడానికి సులువుగా ఉంది. మొదటిసారి నేను ఫోన్ చేయడానికి పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. పెట్రోలు బంకులో నిలబడి నంబరు నొక్కాను, కట్ చేశాను, టైర్లలో గాలి పట్టించుకున్నాను, మళ్ళీ నొక్కాను. అతను "వస్తున్న" అని ఒక్క మాట అన్నాడు. గంటలోపు సూరారంలో మా గుమ్మం ముందు ఉన్నాడు, భుజాన తువ్వాలుతో. నా భార్య పోయాక మా వంటింట్లో నాతో పాటు అన్నం తిన్న మొదటి మనిషి.

చాచాకు తెలిసి నాకు 'నిద్ర సారు' అని పేరు పెట్టి ఊరంతా చెప్పాడు. లెక్కల సారు పోయి ఇది వచ్చింది. ఒకరోజు కాంటా దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. "మా సాయిబులల్ల నిద్రలు గిట్ల లేవు సారూ. గని ఎప్పుడన్న చాయ్ తాగనీకి రావచ్చునా? ఇంట్ల పిల్లలున్నరు, ఫోన్లల్లనే ఉంటరు." రమ్మన్నాను. వచ్చాడు. చాయ్ చల్లారేదాకా చేతిలో పట్టుకొని, చిన్నప్పుడు పోయిన తమ్ముడి గురించి చెప్పాడు.

పిల్లలూ, మీ యాప్ నా తలకంటే బాగా లెక్క వేస్తుంది. దాన్ని వేయనివ్వండి. పొట్టు ఎప్పుడెత్తాలని పదిహేను బ్యాచుల రైతు అడిగితే మాత్రం ఫోన్ జేబులో పెట్టి వెళ్ళండి. మీకే అట్లా ఉంటే, పిలుపు వచ్చేదాకా ఆగకండి. అడిగి వెళ్ళండి. తలుపు తీసే ఇల్లు చుట్టాలదే కానక్కర్లేదు.

అతని షెడ్డులో ఇప్పుడు మళ్ళీ కోళ్ళున్నాయి. ఎండాకాలం తొమ్మిదింటికి ఫీడర్లు ఇద్దరూ కలిసి ఎత్తుతారు. ఈ నాలుగేళ్ళలో నేను అడిగితే అతను మా ఇంటికి పదకొండు సార్లు వచ్చాడు. అతను అడిగితే నేను వెళ్ళింది ఏడు సార్లు. నాలుగు నిద్రలు బాకీ పడ్డాను, అతను అడిగితే తప్ప తీర్చలేను. అందుకని అప్పుడప్పుడు నేనే ఫోన్ చేసి గుర్తు చేస్తుంటాను. పోయిన వారం కూడా చేశాను.

"ఎట్లున్నవ్? రమ్మంటవా?"

"మంచిగున్ననే అన్నా. రాకు," అన్నాడు. వెనక నుంచి అతని భార్య ఏదో అంటే నవ్వుతున్నాడు.

నాలుగు అట్లాగే ఉన్నాయి.